గంట తాడు అందరికీ అందాలి: మన ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టీమ్ నడిపే పద్ధతి

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర, ఒక మెడికల్ షాపు పైన రెండో అంతస్తులో నాతో కలిపి 11 మందిమి పనిచేస్తాం. ఆమదాలవలస, పొందూరు, నరసన్నపేట, చీపురుపల్లి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళే ఎక్కువ. మా క్లయింట్లంతా బయటి దేశాలవాళ్ళు. రెండేళ్ళ కిందట ఒక బుధవారం నాడు, పేమెంట్ పేజీ చేస్తున్న అమ్మాయిని "ఏటమ్మా, శుక్రవారానికి అయిపోద్దా?" అని అడిగాను. "అయిపోద్ది సార్" అంది. శుక్రవారం రాత్రి 8:40కి, క్లయింట్‌కి చూపించడానికి ఇంకా గంట కూడా లేదనగా, రీఫండ్ అసలు పనిచేయడం లేదని తెలిసింది. నాకు ఆ రాత్రే తెలిసింది గానీ ఆ అమ్మాయికి అంతకుముందు వారం గురువారం నుంచే తెలుసు, టీ తాగేటప్పుడు పక్కవాళ్ళకి చెప్పింది కూడా. విచారిస్తే గదిలో నేను తప్ప దాదాపు అందరికీ తెలుసని తేలింది.

ఎందుకు చెప్పలేదమ్మా అంటే ఆమె అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేను: "మీరు అప్పటికే క్లయింట్‌కి మాట ఇచ్చేశారు కద సార్, మీ మాట పోద్దని ఎలాగోలా చేసేద్దామనుకున్నాను."

ఆమె భయపడి దాయలేదు, నా పరువు కాపాడుదామనుకుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నలుగురి ముందు ఒక మాట అనేశాక పిల్లలు నేర్చుకునే మర్యాద అదే. అంటే మా టీమ్ బాగా పెరిగిన పిల్లలతో నిండి ఉంది, నేనేమో ఆ మర్యాద లేని మనుషుల కోసం తయారైన పద్ధతితో వాళ్ళని నడుపుతున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చినవే కింద రాస్తున్నాను. మీరూ మన వైపు చిన్న టీమ్ నడుపుతుంటే ఈ వరసలోనే చేయండి, ముఖ్యంగా మొదటిది చేయకుండా మిగతావాటికి వెళ్ళకండి.

1. ముందు ఒక రిజిస్టర్ పెట్టండి

మామూలు గీతల నోటు పుస్తకం చాలు. గత మూడు నెలల్లో ఆలస్యమైన పనులో, పాడైన రిలీజులో ఓ ఐదు గుర్తు తెచ్చుకుని, ఒక్కోదానికి రెండు తేదీలు రాయండి: టీమ్‌లో ఎవరో ఒకరికి సంగతి తెలిసిన రోజు, మీకు చెప్పిన రోజు. మొదటి తేదీ కోసం ఒక్కొక్కరినీ విడిగా, కూర్చోబెట్టి, టీ తాగుతూ అడగాలి. మీటింగ్‌లో అడిగితే ఆ తేదీ బయటికి రాదు.

ఈ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో అదే మీ అసలు జబ్బు. మాకు ఎక్కువగా ఐదారు రోజులు వచ్చింది. కోడింగ్ రాకపోవడం వల్ల పోయిన రోజులకన్నా ఇవే ఎక్కువని అప్పుడే తెలిసింది నాకు. ఇంకో ట్రైనింగ్ పెట్టిద్దాం, ఇంకో టూల్ కొందాం అనే ఆలోచన ఆ పేజీ చూశాక ఆగిపోయింది.

2. మీరు వాడుతున్న పద్ధతి ఎవరి కోసం పుట్టిందో తెలుసుకోండి

మనలో చాలామంది వాడేది ఎజైల్, అంటే పనిని చిన్న ముక్కలుగా చేసి, తరచూ చూపించి సరిదిద్దుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్ పద్ధతి. దాని మూల ప్రకటన, ఎజైల్ మేనిఫెస్టో, 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు కొండల విడిదిలో 17 మంది కూర్చుని రాసుకున్నది. అందరూ సాఫ్ట్‌వేర్‌లో ఆరితేరినవాళ్ళు, పద్ధతుల మీద అప్పటికే పేరున్నవాళ్ళు, ఒకరి మాటకి ఒకరు మొహం మీదే కాదనగలిగినవాళ్ళు. అలాంటివాళ్ళు రాసుకున్నదాంట్లో పైకి రాయని నమ్మకం ఒకటుంటుంది: మనిషికి ఇబ్బంది వస్తే తనంతట తానే నోరు తెరిచి చెప్తాడని. స్టాండప్ (రోజూ నిలబడి పెట్టుకునే చిన్న మీటింగ్) గానీ రెట్రో (పని ముగిశాక ఎలా జరిగిందో వెనక్కి చూసుకునే మీటింగ్) గానీ ఆ నమ్మకం మీదే నిలబడి ఉన్నాయి.

హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగులతో చేసిన సర్వేల నుంచి దేశాలకి కొన్ని అంకెలు కట్టాడు. అందులో ఒకటి, పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత మామూలుగా తీసుకుంటారనేది. మన దేశానికి 77, అమెరికాకి 40, స్వీడన్‌కి 31. ఇవి దేశం మొత్తానికి కట్టిన సగటులు, అదీ ఎప్పటివో, కాబట్టి మీ ఎదుట కూర్చున్న కుర్రాడి మీద 77 అని చీటీ అంటించకండి. కానీ 40 ఉన్నచోట కుట్టిన చొక్కా మనకి ఎక్కడ బిగుతుగా ఉంటుందో వెతకడానికి ఆ అంకె పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, మనవాళ్ళకి ధైర్యం లేదని తేల్చేసి ధైర్యం మీద క్లాసు పీకడం. నేనూ ఒక ఆరు నెలలు అదే చేశాను, ప్రతి సోమవారం "ఓపెన్‌గా మాట్లాడండి" అని చెప్పేవాడిని, వాళ్ళు "అలాగే సార్" అనేవాళ్ళు.

జపాన్‌లో టొయోటా వాళ్ళు చేసింది చూడండి. అక్కడా పెద్దా చిన్నా అనే పట్టింపు గట్టిదే. వాళ్ళు కార్లు బిగించే లైన్ పొడవునా ఒక తాడు కట్టారు, ఆండన్ అంటారు. ఏ పనివాడికైనా తేడా కనిపిస్తే లాగొచ్చు, లీడర్ పరిగెత్తుకొస్తాడు, ఆ కారు ఆ చోటు దాటేలోపు సర్దుకోకపోతే లైన్ ఆగుతుంది. పనివాడు పెద్దాయనతో "మీరు చెప్పింది తప్పు" అనక్కర్లేదు, తాడు లాగితే చాలు.

మనకి ఇది కొత్తేం కాదు. పాత పల్లెవెలుగు బస్సులో కండక్టర్ గంట తాడు లాగుతాడు, డ్రైవర్ ఆపుతాడు. డ్రైవర్ వయసులో ఎంత పెద్దవాడైనా "నన్నే ఆపమంటావా" అని కోపం తెచ్చుకోడు, కండక్టరూ మొహమాటపడడు. ఎందుకంటే అది కండక్టర్ డ్రైవర్‌ని అంటున్న మాట కాదు, బస్సు నడిచే పద్ధతి. మా మార్పులన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి. ఎక్కడెక్కడ మనిషి ఎదురుచెప్పాల్సి వస్తోందో చూసి, అక్కడ ఒక తాడు కట్టడం.

3. "అవుతుందా?" అనడం మానేయండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, పైసా ఖర్చు కూడా లేదు. "అయిపోద్దా?" అనే ప్రశ్నకి మన దగ్గర మర్యాదైన జవాబు ఒక్కటే. "అవదు" అంటే పని గురించి చెప్పినట్టు ఉండదు, అడిగిన మనిషిని కాదన్నట్టు ఉంటుంది. పెళ్ళికి పిలిస్తే రాలేమని మొహం మీద చెప్తామా? "చూద్దాం, వీలు చూసుకుని వస్తాం" అంటాం, పిలిచినవాళ్ళకీ అర్థమవుతుంది. టీమ్‌లో కూడా అదే భాష నడుస్తుంది, కాకపోతే లీడ్ కుర్చీలో కూర్చున్నాక మనం ఆ భాష మర్చిపోయినట్టు ప్రవర్తిస్తాం.

మా టీమ్‌లో నేను పట్టుకున్నవి చెప్తాను. "అలాగే సార్" అంటే విన్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. "ట్రై చేస్తాను" అంటే దాదాపుగా అవదనే. "ఒక చిన్న డౌట్" అంటే అది చిన్నది కానే కాదు, చేతిలో పని పక్కనపెట్టి వినాలి. "అయిపోయినట్టే" అన్నారంటే కష్టమైన ముక్క ఇంకా ముట్టుకోలేదు. ఏమీ అనకుండా నవ్వి ఊరుకుంటే ఆ సాయంత్రం వాళ్ళ పక్కన కుర్చీ వేసుకోండి. మీ టీమ్ మాటలు వేరుగా ఉండొచ్చు, ఓ రెండు వారాలు రిజిస్టర్ చివరి పేజీలో రాసుకుంటూ పోతే మీకే జాబితా తయారవుతుంది.

ప్రశ్న ఎలా మార్చాలంటే, అవును కాదు అని చెప్పే వీలే లేకుండా అడగాలి. "ఇందులో ఇంకా ముట్టుకోనివి ఏవి?" "ఇప్పుడు నడిపి చూపించు, ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా." "ఇది శుక్రవారం ఆగిపోయిందనుకుందాం, దేనివల్ల ఆగి ఉంటుంది?" ఈ మూడోది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆగిపోతుందని మీరే అనేశారు కాబట్టి వాళ్ళు మిమ్మల్ని కాదనక్కర్లేదు, మీ మాటకి కొనసాగింపుగా నిజం చెప్తారు. అప్పుడు ఆ పేమెంట్ పేజీ అమ్మాయిని ఇలా అడిగి ఉంటే బుధవారమే "రీఫండ్ సార్" అనేదని నా నమ్మకం.

ఇంకోటి, తేదీ మీరు ముందు చెప్పకండి. క్లయింట్‌కి అంతకన్నా చెప్పకండి. మీ నోటి నుంచి తేదీ వచ్చిన క్షణం నుంచి టీమ్ మొత్తం దాన్ని మోయడం మొదలుపెడుతుంది.

4. అంచనాలు చీటీల మీద, అందరూ ఒకేసారి

జేమ్స్ గ్రెనింగ్ 2002లో రాసిన ప్లానింగ్ పోకర్ అనే పద్ధతి ఉంది. పని ఎంత పెద్దదో ఒక్కొక్కరు ఒక చీటీ ఎంచుకుని బోర్లా పెట్టి, అందరూ ఒకేసారి తిప్పుతారు. మొదట మాట్లాడినవాడి అంకె వైపు మిగతావాళ్ళు జారిపోకుండా ఉండటం దీని ఉద్దేశం. అమెరికాలో అది కొంచెం ఉపయోగం, మనకి చాలా ఉపయోగం, ఎందుకంటే ఇక్కడ సీనియర్ "మూడు" అన్నాక పదమూడు అనుకున్నవాడు నోరు విప్పడు.

మేం పాత శుభలేఖలు కత్తిరించి వెనకవైపు 1, 2, 3, 5, 8, 13 అని రాసుకున్నాం, అట్ట గట్టిగా ఉంటుంది కాబట్టి. మొదటి నెలలోనే ఒక సంగతి జరిగింది. రిపోర్టుల పేజీకి అందరూ 3 పెడితే కొత్తగా చేరిన కుర్రాడు 13 పెట్టాడు, పెట్టి చీటీ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అడిగితే గొంతు తగ్గించి, పాత డేటాలో తేదీలు రెండు రకాలుగా ఉన్నాయని, సగం రోజు-నెల, సగం నెల-రోజు అని, టెస్టింగ్ చేస్తున్నప్పుడు చూశానని చెప్పాడు. నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళెవరూ ఆ డేటా తెరిచి చూడలేదు.

నియమం ఒకటే: అందరికన్నా పెద్ద అంకె పెట్టినవాళ్ళు ముందు మాట్లాడాలి, వాళ్ళు ముగించేదాకా సీనియర్లు ఆగాలి. లీడ్ చీటీ పెట్టకూడదు.

5. స్టాండప్‌లో మీరు గోడ వైపు జరగండి

పావుగంట మీటింగ్, ఒకరికొకరు చెప్పుకోవాల్సింది. మన దగ్గర అది స్కూల్లో హాజరు పిలిచినట్టు అవుతుంది, అందరూ లీడ్ మొహం చూసి అప్పజెప్తారు. దీనికి మందు చాలా చిన్నది. పనులు ఎక్కడిదాకా వచ్చాయో చూపించే బోర్డుని గది మధ్యలో పెట్టి మీరు వెనక్కి, వాళ్ళ కంట పడని చోటుకి వెళ్ళండి. మనుషుల వరసలో కాకుండా బోర్డు మీద కుడి చివర, అంటే పూర్తవడానికి దగ్గరగా ఉన్న పని నుంచి మొదలుపెట్టించండి. మీరు చివర్లో మాట్లాడండి, లేదా అసలు మాట్లాడకండి. ఉదయమే ఒక లైన్ గ్రూపులో రాయమంటే ఇంకా మంచిది, నోటితో చెప్పలేనిది వేలితో టైపు చేసేస్తారు. తెలుగులో రాసినా, ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసినా సరే అనండి. ఇంగ్లీష్‌లోనే రాయాలంటే సగం సంగతి గ్రామర్ భయంతో ఆగిపోతుంది.

6. తప్పు జరిగినప్పుడు వాక్యం ఎలా రాస్తారో చూసుకోండి

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి టీమ్‌ల మీద పనిచేస్తూ, బాగా కలిసి పనిచేసే టీమ్‌లలోనే ఎక్కువ తప్పులు నమోదవుతున్నాయని గమనించింది. వాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తున్నారని దానర్థం కాదు, చేసినవి చెప్పుకోగలుగుతున్నారు. 1999లో ఆమె రాసిన పరిశోధన పత్రంతోనే సైకలాజికల్ సేఫ్టీ (తప్పు చెప్పినా తనకేం కాదన్న భరోసా) అన్న మాట టీమ్‌ల విషయంలో వాడుకలోకి వచ్చింది.

ఇక్కడ మన భాష మనకి సాయం చేస్తుంది, ఇది నేను ఆలస్యంగా గమనించాను. ఇంగ్లీష్‌లో ఎవరో డేటా డిలీట్ చేశారు అనేదగ్గర మనం సహజంగా "డేటా పోయింది" అంటాం. గ్లాసు పగిలింది, పాలు పొంగాయి, కరెంటు పోయింది. ఎవరు అనేది రాకుండానే వాక్యం పూర్తయిపోతుంది. పాశ్చాత్య టీమ్‌లు బ్లేమ్‌లెస్, అంటే ఎవరినీ నిందించకుండా, అని పేరు పెట్టి కష్టపడి నేర్చుకుంటున్నది మన క్రియల్లోనే ఉంది. కాకపోతే దీనికి రెండో వైపు కూడా ఉంది: "పోయింది" అని ఊరుకుంటే ఎలా పోయిందో కూడా పోతుంది. అందుకని మనిషిని తీసేసి, కారణాన్ని మాత్రం ఉంచి రాయాలి.

మా దగ్గర నిజంగా రాసినది ఇలా ఉంటుంది: "10:40కి పాత రికార్డులు తుడిచే కమాండ్ నడిచింది. అది టెస్ట్ సర్వర్ మీద నడవాలి, అసలు సర్వర్ మీద నడిచింది. తెర మీద రెండు కిటికీలూ ఒకే నలుపు రంగులో, పక్కపక్కనే ఉన్నాయి. 10:52కి క్లయింట్ ఫోన్. నిన్న రాత్రి బ్యాకప్ ఉంది, 12:15కి తిరిగి పెట్టాం." ఇందులో ఎవరి పేరూ లేదు, కానీ ఏం చేయాలో చదివిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ మధ్యాహ్నమే అసలు సర్వర్ కిటికీకి ఎర్ర రంగు పెట్టాం.

మొదటి కాగితం మాత్రం మీ తప్పు మీదే రాయండి. నేను ఆ శుక్రవారం సంగతి రాశాను, టీమ్‌ని అడగకుండా క్లయింట్‌కి తేదీ ఇచ్చింది నేనే అని. అది గోడ మీద రెండు వారాలు ఉంది. ఆ తర్వాతే మిగతావాళ్ళ కాగితాలు రావడం మొదలైంది.

7. సార్, అన్నయ్య, అక్క

పిలుపులు మార్చకండి. అమెరికా క్లయింట్ పేరు పెట్టి పిలవమన్నాడని పిల్లలచేత లీడ్‌ని పేరు పెట్టి పిలిపిస్తే అసలు పిలవడమే మానేస్తారు. సార్ అననివ్వండి, అన్నయ్య అననివ్వండి. కానీ అన్నయ్య అన్నాక అన్నయ్య కోడ్‌లో తప్పు చూపించడం కష్టం అని గుర్తుంచుకుని, కోడ్ రివ్యూకి ఒక రాతపూర్వక చెక్‌లిస్ట్ పెట్టండి. "ఎనిమిదో పాయింటు లేదన్నయ్యా" అనడం తేలిక, ఆ మాట చెక్‌లిస్ట్ అంటోంది. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కోడ్ చూసే వంతు వారానికి ఒక్కరోజైనా ఉండాలి.

ఇంకో మాట నేరుగా చెప్తాను. మన వైపు మనిషి పరిచయం కాగానే "ఎవరి తాలూకు?" అంటాం. ఊళ్ళో అది ఆప్యాయతే. ఇంటర్వ్యూలో, టీమ్‌లో మాత్రం దాని వెనకే ఇంటిపేరు, కులం వచ్చి కూర్చుంటాయి, అడిగినవాడికి తెలియకుండానే ఎవరి మాటకి ఎంత బరువో అక్కడే తేలిపోతుంది. మేం అది అడగడం పూర్తిగా మానేశాం. ఏ పని చేశావు, చూపించు అంతే.

రాత్రి కాల్స్ విషయం కూడా ఇలాంటిదే. రాత్రి 9:30 కాల్‌కి అందరూ ఒకేలా ఉండగలరనుకుంటే, పొందూరు వెళ్ళాల్సిన అమ్మాయి ఆ కాల్‌లో ఉండదు, కాల్‌లో లేనివాళ్ళకి పెద్ద పనులు రావు, ఏడాదికి అది పనితనం తేడాలా కనిపిస్తుంది. కాల్ రికార్డు చేసి, నిర్ణయాలు మర్నాడు పదింటికి టీమ్ ముందు ఖాయం చేయండి.

8. అవతలివాళ్ళ మర్యాద కూడా చదవండి

మనవాళ్ళు మాత్రమే మాటల వెనక దాక్కుంటారని అనుకోవద్దు. అమెరికా మేనేజర్ "ఇలా కూడా ఆలోచించొచ్చేమో" అంటే అది చాలాసార్లు ఆదేశమే, నవ్వుతూ మెత్తగా చెప్తాడు కాబట్టి మనం సలహా అనుకుని వదిలేస్తాం. జపాన్ వాళ్ళు "ముజుకషీ", అంటే కష్టం, అంటే అది కాదనే. మనవాళ్ళకి జపాన్ వాళ్ళు త్వరగా అర్థమవడం నేను చూశాను. స్వీడన్ వాళ్ళు అందరూ ఒప్పుకునేదాకా నిర్ణయం తీసుకోరు, ఒప్పుకున్నాక మళ్ళీ కదపరు, కాబట్టి మొదట్లో వారాలు గడిచిపోతున్నాయని టెన్షన్ పడక్కర్లేదు.

క్యాలెండర్ కూడా సంస్కృతే. మాకు ఒకే గోడ మీద క్లయింట్ల సెలవులూ, మన సెలవులూ ఉంటాయి. స్వీడన్‌లో జూన్ నుంచి ఆగస్టు మధ్య నాలుగు వారాలు వరసగా సెలవు తీసుకోవడం ఉద్యోగికి చట్టం ఇచ్చిన హక్కు, అప్పుడు జవాబు రాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గడియారం మారుతుంది, మన రాత్రి 8:30 కాల్ న్యూయార్క్ వాళ్ళకి ఎండాకాలం ఉదయం 11 గంటలకి, చలికాలం 10 గంటలకి పడుతుంది. ఇటు సంక్రాంతి మూడు రోజులూ, విజయదశమి తర్వాత మంగళవారం విజయనగరం సిరిమానోత్సవమూ, రథసప్తమికి అరసవల్లి రద్దీలో ఆఫీసుకి చేరలేని రోజూ. సెలవు అడిగేదాకా ఆగకండి, మీరే ముందు క్లయింట్‌కి రాసిపెట్టండి, అడగడానికి మొహమాటపడి ఒంట్లో బాలేదని చెప్పే పరిస్థితి ఎవరికీ రానివ్వకండి. అక్టోబర్ స్ప్రింట్‌లో (రెండు మూడు వారాల పని విడతలో) తుఫానుకి చోటు వదలండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస వైపు తిత్లీ వచ్చాయి, మన జిల్లాల్లో ఇది ఊహించని సంగతి కాదు.

9. ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి

మా టీమ్‌లో ఒకరి చెల్లెలి పెళ్ళి అంటే అతని పని ఎవరూ చెప్పకుండానే ముగ్గురు పంచుకుంటారు. మనిషికి ఒక ర్యాంకు ఇచ్చి పైనుంచి కిందికి వరస పెట్టే అప్రైజల్ తెస్తే ఆ ముగ్గురు రెండో ఏడాది ఆలోచిస్తారు. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ 2013లో ఆ పద్ధతి తీసేసింది. మనం ఇప్పుడు కొత్తగా తెచ్చుకోవడం ఎందుకు?

10. ఆరు నెలలకి రిజిస్టర్ మళ్ళీ తెరవండి

గ్రూపులో "తాడు" అని ఎవరైనా ఒక్క మాట టైపు చేస్తే మిగతావాళ్ళు పని ఆపి వాళ్ళ దగ్గరికి వెళ్ళాలనేది మా నియమం. మొదటి రెండు నెలలు ఎవరూ వాడలేదు, తర్వాత నేనే రెండుసార్లు నా పని మీద లాగాక వాడటం మొదలైంది. తెలిసిన రోజుకీ చెప్పిన రోజుకీ మధ్య ఇప్పుడు ఎక్కువగా ఒక రోజే ఉంటోంది.

ఇద్దరు మాత్రం ఇప్పటికీ చీటీ మీదా, గ్రూపులోనూ, స్టాండప్‌లోనూ చెప్పరు. ఏడు దాటాక, అందరూ వెళ్ళిపోయాక, బస్సులోంచి ఫోన్ చేసి "సార్, బిజీగా ఉన్నారా" అని మొదలుపెడతారు. ఇంజిన్ చప్పుడులో సగం వినపడదు. మార్చాలని చూశాను, కుదరలేదు, ఇక మార్చను. ఆ టైముకి ఫోన్ చేతిలో పెట్టుకుని ఉంటాను, రిజిస్టర్‌లో ఆ రోజు తేదీయే వేస్తాను.